గొర్రెల మామకు ముందే చెప్పేశాను

ఆ రోజుల్లో ఏ నియమం విన్నా, దాని వెనక ఎవరో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నట్టు అనిపించేది. వాళ్ళెవరో, ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించేది కాదు. చిన్నప్పుడు ఉదయగిరిలో మా చర్చి వెనక రేకుల షెడ్డులో ఆదివారం బడి జరిగేది. దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడని టీచరక్క చెబితే, మరి ఎనిమిదో రోజు పొద్దున్నే ఏ పనితో మొదలుపెట్టాడక్కా అని అడిగాను. అక్క నన్ను బయట వేపచెట్టు కింద నిలబెట్టింది. అక్కడ నిలబడి కూడా నేను ఆలోచించింది ఎనిమిదో రోజు గురించే. (ఇప్పటికీ నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పరలోకంలో అడగవలసిన ప్రశ్నల్లో అది మొదటిది.)

మా సంఘంలో దాచిపెట్టడం అనే అలవాటు లేదు. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం వస్తుంది. ఒక్కొక్కరే లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. మేలు చెప్పాలంటే ముందు కష్టం చెప్పాలి కదా, అందుకని పంటినొప్పి దగ్గర్నుంచి తోడికోడలి దెప్పుళ్ళ దాకా అన్నీ మైకులోకి వచ్చేవి. మైకు బయట వీధికి కూడా వినబడేది కనుక మా కష్టాలు హిందువులకూ, సాయెబులకూ సమానంగా తెలిసేవి. దీనికి తోడు మాకు చిన్నతనం నుంచీ నూరిపోసిన పద్ధతి ఒకటి ఉంది. సహోదరునిలో తప్పు కనబడితే ముందు నువ్వొక్కడివే వెళ్ళి అతనితోనే చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. వెనక మాట్లాడుకోవడం పాపం. ఈ మూడు మెట్ల పద్ధతి నాకు ఎంత నచ్చేదంటే, మా ఇంట్లో పెరుగు తాగిన పిల్లికి కూడా మొదటి రెండు మెట్లూ అమలుచేశాను.

అలాంటి దాన్ని తీసుకెళ్ళి, డిగ్రీ అయిన మరుసటి ఏడు, ఆత్మకూరులోని ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో కంప్లయన్స్ ట్రైనీగా కూర్చోబెట్టారు. కంప్లయన్స్ అంటే ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసయితేనే ఉద్యోగం ఖాయం అని మాత్రం తెలుసు. మా నాయన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు, సంఘంలో పెద్ద. ఆయన విశ్వాసం ఆయన మోటార్ల కన్నా వేగం. నేను ఆత్మకూరు బస్సెక్కిన వారమే సాక్ష్యాల సమయంలో లేచి, "మా పాప పరీక్ష పాసయిపోయిందని నమ్మి ముందుగానే స్తోత్రం చెప్తుండాను. శిక్షణ అయిపోయిన ఆదివారం కృతజ్ఞత కూడిక, అందురికీ పలావు మా ఇంటి తరఫున" అని ప్రకటించేశాడు. "నాయనా, ఇంకా మొదలే కాలేదు" అని ఫోన్‌లో మొత్తుకుంటే, "మొదలు కాకముందే నమ్మితేనే విశ్వాసం మే. అయిపోయినాక నమ్మితే అది మార్కుల షీటు" అన్నాడు. దాంతో నా ఉద్యోగం మీద ఒక సంఘం మొత్తం ఆకలితో కూర్చుంది.

శిక్షణ ఒక ఎరువుల అంగడి పై అంతస్తులో, మా బ్యాంకు శాఖ పక్క గదిలో జరిగేది. కిందినుంచి పురుగుమందు వాసన, పైన రేకుల వేడి. మాకు పాఠం చెప్పే ఆయనను అందరం సెక్షన్ సార్ అనేవాళ్ళం, ఎందుకంటే మంచినీళ్ళు అడిగినా ఏ సెక్షన్ కింద అడుగుతున్నామో చెప్పమనే మనిషి. నెల్లూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, చొక్కా మడత నలిగేది కాదు. నా పక్క కుర్చీలో కలిగిరి నుంచి వచ్చిన ఇంకో ట్రైనీ, నాకన్నా రెండేళ్ళు పెద్ద కనుక కలిగిరన్న. ఆయనకు నిద్ర దైవానుగ్రహం. సార్ చెప్పేవన్నీ నాకు తెరిచిన కిటికీల్లా ఉండేవి. ఖాతాదారుడు ఎవరో ఎందుకు తెలుసుకోవాలి, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని ఎందుకు అడగాలి, పెద్ద మొత్తంలో నగదు కట్టేటప్పుడు పాన్ కార్డు ఎందుకు చూపించాలి, ఆ హద్దుకు కాస్త కిందే ఆగిపోయేలా ముక్కలు ముక్కలుగా కట్టేవాణ్ణి ఎందుకు అనుమానించాలి. నేను ప్రతిదానికీ చెయ్యెత్తి ఎందుకని అడిగేదాన్ని. "ఈమె బ్యాంకులో చేరిందా, బ్యాంకును చేర్చుకునేదానికి వచ్చిందా?" అని ఒకసారి సార్ కలిగిరన్నను అడిగాడు. కలిగిరన్న ఉలిక్కిపడి లేచి, "ప్రెజెంట్ సార్" అన్నాడు.

అన్నీ అడిగిన దాన్ని ఒక్క మధ్యాహ్నం మాత్రం లేను. ఆ శుక్రవారం ఆత్మకూరు చర్చిలో ఉపవాస ప్రార్థన. నేను ఉంటున్నది అక్కడే మా పెద్దమ్మ ఇంట్లో, పెద్దమ్మ ఆ ప్రార్థనకు నాయకురాలు. సెలవడిగితే సార్, "దేవుడి పనికి నేను అడ్డం రాను, నాకాయన మీద ఏ సెక్షనూ లేదు" అని పంపించాడు. సాయంత్రం కలిగిరన్నను ఏం చెప్పారని అడిగాను. "మధ్యాహ్నం బిర్యానీ తిన్నానుమే. ఆ తర్వాత ప్రపంచంలో ఏం జరిగిందో నాకు తెలీదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం జరిగిన పాఠం ఒక్కటే. ఎవరి మీదనైనా అనుమానపు రిపోర్టు రాస్తే, రాస్తున్నామని గానీ, రాశామని గానీ ఆ మనిషికి ఎట్టి పరిస్థితిలో తెలియనివ్వకూడదు అన్నది.

శిక్షణ చివర్లో మాకు ఒక పని ఇచ్చారు. కౌంటర్ పక్కన కూర్చుని వచ్చేపోయే లావాదేవీలు గమనించి, అనుమానం కలిగించేది ఒకటి పట్టుకుని సార్‌కు నమూనా రిపోర్టు రాసివ్వాలి. దాని మీదే పాసు, ఫెయిలు. కలిగిరన్న బ్యాంకు వాచ్‌మన్‌ను అనుమానించాలని నిర్ణయించుకున్నాడు (దగ్గరగా ఉంటాడని). నాకు మాత్రం గొర్రెల మామ దొరికాడు. వింజమూరు వైపు పల్లె మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, సంత రోజున కౌంటర్ దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. (ఇక్కడ చదివేవాళ్ళకు ఒక మాట. ఆయన పేరు చెప్పను, పల్లె చెప్పను. గొర్రెలన్నది కూడా నేను మార్చి ఉండవచ్చు, మార్చకపోయి ఉండవచ్చు.) ఆయన నగదు ఒకేసారి కట్టడు. గొంగట్లోంచి ఒక కట్ట తీస్తాడు, కడతాడు, చీటీ తీసుకుంటాడు. మళ్ళీ వరసలో వెనక్కి వెళ్ళి నిలబడతాడు. ఇంకో కట్ట. ఇంకో చీటీ. అన్నీ తన ఖాతాలోకే. ప్రతి కట్టా పాన్ కార్డు అడిగే హద్దుకు కిందే. సార్ బోర్డు మీద గీసిన బొమ్మ గొంగడి కప్పుకుని నడిచొచ్చినట్టుంది.

నాకు సంతోషమూ దిగులూ ఒక్కసారే కలిగాయి. రిపోర్టు దొరికిందని సంతోషం. కానీ ఆ పెద్దాయన ముఖం చూసి, ఈయనకు ఒక్క మాటైనా చెప్పకుండా ఈయన మీద రాయడం వెనక మాట్లాడటమే కదా అని దిగులు. అయితే సహోదరుడంటే సంఘంలోని వాడేనా, బయటివాడు కూడానా అన్న అనుమానం వచ్చి నాయనకు ఫోన్ చేశాను. విషయం చెప్పకుండా మాటవరసకు అడిగాను. "అందురూ సహోదరులే. నా దగ్గర వైండింగ్ చేయించుకోని, కాలిపోయినాక ఇంకోడి దగ్గరికి పోయినోడు గూడా సహోదరుడే. కష్టమే, కానీ సహోదరుడే" అన్నాడు నాయన. ఇంకేముంది, దారి తేటపడింది.

బస్టాండు దగ్గర టీ అంగడిలో గొర్రెల మామను పట్టుకున్నాను. నన్ను చూసి గుర్తుపట్టి, "నువ్వు బ్యాంకులో ఊరికే కూర్చోనుండే పాపవు గదా. టీ తాగు" అన్నాడు. ఖాతాదారుల దగ్గర ఏదీ పుచ్చుకోకూడదని మొదటి రోజే నేర్పారు కనుక నా టీకి నేనే డబ్బిచ్చాను. అంత చిన్న నియమాన్ని అంత నిష్ఠగా పాటిస్తూ, పెద్దదాని నెత్తిన కాలు పెట్టబోతున్నానని తెలియదు.

"మామా, నీతో ఒంటరిగా ఒక మాట చెప్పాలి. నువ్వు దుడ్లు కట్టే పద్ధతి మీద నాకు అనుమానం వచ్చినాది. నీ మీద రిపోర్టు రాయాల్సి ఉండాది. ముందు నీతో చెప్పకుండా రాయడం ధర్మం కాదని వచ్చినాను."

మామ టీ గ్లాసు కింద పెట్టలేదు, పైకెత్తలేదు. "అనుమానమా? ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలా. నాకే అనిపించినాది."

"నీకనిపిస్తే రాసేస్తారా?"

"రాయాలంట మామా."

"సరే రాసుకో. నేను జీవాలు కాసుకునేటోణ్ణి, నా మీద ఏం రాస్తావు? మేకపోతని రాస్తావా?" అని నవ్వి, గొంగడి దులుపుకుని లేచిపోయాడు. అంతా సరిగ్గానే జరిగిందని, కాకపోతే ఆయన హృదయం కరగలేదని అనుకున్నాను. కరగకపోతే రెండో మెట్టు.

తరువాతి సంత రోజున ఇద్దరు సాక్షులను తీసుకుని వెళ్ళాను. ఒకరు కలిగిరన్న. ఎక్కడికో చెప్పకుండా తీసుకెళ్ళాను, దారిలో బిర్యానీ ఉంటుందని ఆశపెట్టి. ఇంకొకరు పెద్దమ్మ. పెద్దమ్మను పిలవడం నేను చేసిన పనుల్లో ఘనమైనది. సంతలో గొర్రెల మంద మధ్యన, బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకుంటున్న చోట మామ నిలబడి ఉన్నాడు. నేను నెమ్మదిగా మొదలుపెట్టాను, "మామా, మొన్న చెప్పిన మాటే..." అంతలో పెద్దమ్మకు ఆత్మావేశం కలిగింది. మామ తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, నలభై ఏళ్ళుగా మైకు లేకుండా ప్రార్థన చేసిన గొంతుతో, "ప్రభువా, ఈ బిడ్డ బ్యాంకులో ముక్కలు ముక్కలుగా కడుతుండాడని మా పాప కనిపెట్టినాది. ఈ బిడ్డ ఖాతాను నువ్వు శుద్ధి చెయ్యి తండ్రీ" అని ఎత్తుకుంది. తువ్వాళ్ళ కింద వేళ్ళు ఆగిపోయాయి. గొర్రెలు తప్ప అందరూ మావైపు తిరిగారు. కలిగిరన్న నా చెవిలో, "ఏందిమే ఇది, బిర్యానీ అన్నావే" అన్నాడు.

మామ పెద్దమ్మ చేతిని తల మీదినుంచి తీయలేదు. పెద్దలంటే గౌరవం ఉన్న మనిషి. ఆమేన్ అయ్యేవరకూ ఓపిగ్గా తల వంచి, అప్పుడు నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మందలో తప్పిపోయిన జీవాన్ని వెతుకుతున్నట్టు ఉంది. చుట్టూ చేరిన వాళ్ళలో ఒకడు, "ఏంది మామా, బ్యాంకోళ్ళు నిన్ను పట్టుకున్నారంట" అంటున్నాడు. నాకు మొదటిసారి, ఎక్కడో ఏదో తప్పిందా అని మెల్లగా అనిపించింది. కానీ మూడో మెట్టు మిగిలే ఉంది కదా.

మర్నాడు రిపోర్టు రాసిచ్చాను. చివర గర్వంగా ఒక మాట చేర్చాను, ఈ విషయమై సదరు వ్యక్తికి మొదట ఏకాంతంగానూ, పిదప సాక్షుల సమక్షంలోనూ తెలియజేయడమైనది, మార్పు రానందున కార్యాలయం దృష్టికి తెస్తున్నాను అని. సెక్షన్ సార్ చదువుతూ చదువుతూ అక్కడ ఆగాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఆయనకు చెప్పినావా?"

"రెండుసార్లు సార్."

"రెండుసార్లు."

"రెండోసారి మా పెద్దమ్మ గూడా వచ్చినాది సార్. ప్రార్థన చేసినాది."

సార్ ఏ సెక్షనూ చెప్పలేదు. అది చూసి భయమేసింది. అప్పుడే కింద ఎరువుల అంగడి దగ్గర మే, మే అని గోల మొదలైంది. కిటికీలోంచి చూస్తే ఒక మినీ వ్యాను, అందులో గొర్రెలు, వాటి మధ్య తలపాగాల మనుషులు, ముందు సీట్లో గొర్రెల మామ. అందరూ మెట్లెక్కి పైకొచ్చారు. వాళ్ళ వెనకే ఒక పొట్టేలు కూడా ఎక్కింది, ఎవరూ వద్దన్నట్టు లేదు. వచ్చినవాళ్ళలో పెద్ద తలపాగా ఆయన, "సార్, మా మామ కట్టిన దుడ్లు మావి. మేం మందలు తోలుకోని కోతలైన మళ్ళల్లో నెలల తరబడి పడుంటాం, బ్యాంకుకు రాలేం. ఆయనే మా అందురి జీవాలు అమ్మి, ఎవురి దుడ్లు వాళ్ళ కట్టగా కట్టి, ఎవురి చీటీ వాళ్ళకిస్తాడు. కలిపి కడితే నీదెంత నాదెంత అని కొట్టుకుంటామని ఆయన పద్ధతి. దుడ్లు యాడియో చూపించమన్నారంట గదా. ఇవిగో, కింద ఉండాయి, చూసుకోండి" అన్నాడు. పొట్టేలు సార్ బల్ల మీది పాఠాల కాగితాన్ని వాసన చూసింది.

ఆ తర్వాత సార్ చేసినది నేను ఎన్నేళ్ళయినా మరచిపోను. రిపోర్టు ఉందని ఒప్పుకోకూడదు, లేదని అబద్ధమూ చెప్పకూడదు. ఎదురుగా గొర్రెలు సాక్షి. సార్ లేచి నిలబడి, ఎంతో మామూలుగా, "ఎవరిమీద ఏముందో లేదో నేను మాట్లాడను. బ్యాంకులో అందరి ఖాతాలూ ఒకటే మాకు. మీరంతా ఒక్కచోట దొరకడం కష్టం గదా, ఆధార్లు తెచ్చినారా?" అన్నాడు. తెచ్చారు. తలపాగాల్లో పెట్టుకుని తెచ్చారు. ఆ సాయంత్రానికి మందకాపరులందరి పేరనా విడివిడిగా ఖాతాలు తెరిచే పని మొదలైంది. కలిగిరన్న నిద్రపోకుండా ఫారాలు నింపాడు. నేను పొట్టేలును పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. అది తప్ప నాతో ఎవరూ మాట్లాడలేదు.

అందరూ వెళ్ళాక సార్ పిలిచాడు. నేను లేని మధ్యాహ్నం పాఠం నా ఒక్కదానికి చెప్పాడు. నేను ఎప్పటిలాగే, "ఎందుకు సార్? ముఖం మీద చెప్పకుండా రాయడం వెనక మాట్లాడటం కాదా?" అని అడిగాను. అప్పుడూ అడగకుండా ఉండలేకపోయాను.

"దొంగ అయితే జాగ్రత్త పడతాడు, అది ఒక కారణం. అది పుస్తకంలో ఉండాది" అన్నాడు సార్. "నీకు ఇంకోటి చెప్పాల. దొంగ కాకపోతే? నీ అనుమానం కాగితం మీద పడి, పైవాళ్ళు చూసి, ఏమీ లేదని పక్కన పెట్టేస్తే ఆ మనిషి నీడ కూడా కదలదు. నువ్వు సంతలో చెప్పినావు. వ్యాను మాట్లాడుకోని జీవాలను తోలుకోని వచ్చినాడమ్మా ఆయన, తను దొంగ కాదని చూపించేదానికి. ఆయన రాగలిగినాడు గనుక సరిపోయింది. రాలేనోళ్ళు ఉంటారు."

నేనేమీ అడగలేదు. నా జీవితంలో అది మొదటిసారి అనుకుంటాను.

"నిన్ను పాస్ చెయ్యలేను. వచ్చే బ్యాచ్‌లో మళ్ళీ కూర్చో, అందాకా ఉద్యోగం తీసేయకుండా నేను రాస్తాను. ఇంకొక్క మాట. ఎందుకు ఫెయిలయినావో ఎవరికీ చెప్పకూడదు. నువ్వు చెబితే మళ్ళీ ఆయన పేరు నలుగుతాది."

ఆదివారం వచ్చింది. నాయన పలావుకు దినుసులు ఎప్పుడో తెచ్చేశాడు. ఫెయిలయ్యానని చెప్పినా కూడిక ఆపలేదు, దేవుడికిచ్చిన మాట అన్నాడు. సాక్ష్యాల సమయంలో పాస్టరయ్యగారు నన్ను పిలిచారు. మైకు నా చేతిలో. బయట వీధి కూడా వింటోంది. "పరీక్ష ఫెయిలయినాను. వచ్చేసారి మళ్ళా రాస్తాను. ప్రార్థన చెయ్యండి" అన్నాను. అందరూ ఇంకా ఉందనుకుని ఎదురుచూశారు. మా సంఘంలో సాక్ష్యం అంత చిన్నగా ఎప్పుడూ ఉండదు.

"ఎందుకు ఫెయిలయినావు పాపా? ఏమడిగినారు?" అని ముందు వరసలోంచి ఒక అవ్వ అడిగింది.

"చెప్పకూడదవ్వా."

"దేవుడి మందిరంలో చెప్పకూడనిది ఏముంటాదిమే?"

నాకు తెలుసు, మొత్తం చెప్పేస్తే ఎంత నవ్వుతారో. పెద్దమ్మ ప్రార్థన దగ్గర పడిపడి నవ్వేవాళ్ళు. పొట్టేలు దగ్గర చప్పట్లు కొట్టేవాళ్ళు. వింజమూరు చుట్టాలున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు, ఆ మామ ఎవరో అప్పుడే ఊహించేవాళ్ళు కూడా. చెప్పకుండా వచ్చి కూర్చున్నాను. నా వెనక గుసగుసలు మొదలయ్యాయి. కాపీ కొట్టి పట్టుబడిందని ఒకరు, ఎవరినో ప్రేమించిందని ఒకరు. పలావు తింటూ కూడా నన్నే చూశారు. ఇంటికొచ్చాక నాయన, "నాకన్నా చెప్పు" అన్నాడు. "నీకు గూడా చెప్పను నాయనా. మా సార్ చెప్పొద్దన్నాడు" అన్నాను. అంతవరకూ ఆయన అడిగినది నేను చెప్పకపోవడం అన్నది లేదు. నాయన, "మీ సార్ మంచోడే అనుకుంటా" అని చేతులు కడుక్కోవడానికి లేచాడు.

తరువాతి బ్యాచ్‌లో పాసయ్యాను. ఇప్పుడు వేరే ఊళ్ళో, వేరే బ్యాంకులో అదే పని చేస్తున్నాను. ఎంత బాగా చేస్తున్నానంటే, నాతో కాపురం బీరువాతో కాపురంలా ఉందని మా ఆయన అంటాడు. కొన్నిసార్లు ఎవరో పెద్దమనిషి నా గది ముందునుంచి వెళుతూ ఆగి, "బాగుండారా మేడం?" అని పలకరిస్తాడు. ఆయన ఖాతా ఎదుట నేను ఆ పొద్దున పెట్టిన ఎర్రగుర్తు సంగతి ఆయనకు తెలియదు. "బాగున్నానండి" అంటాను. అప్పుడు నాలోపల ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతె చున్నీ సర్దుకుని లేచి నిలబడుతుంది, ఆయనను టీ అంగడికి పిలుద్దామని. కూర్చోమని సైగ చేస్తాను. కూర్చుంటుంది పాపం, చెప్పిన మాట వింటుంది. ఎందుకని మాత్రం అడుగుతూనే ఉంటుంది.